అర్రే ముందు & పెడితే వేగం పెరగదు, దయచేసి ఆ మెసేజ్ ఆపండి

పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు నడిపే ప్రోగ్రామింగ్ భాష) చిట్కాల మెసేజ్ ఒకటి తిరుగుతోంది, ఈ నెలలో అది నాకు రావడం ఇది ఆరోసారి. ఒకసారి కాలేజీ గ్రూపులో వచ్చింది, రెండుసార్లు పాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, మిగతావి విడివిడిగా పంపారు. మొన్న మాదాపూర్‌లో టీ తాగుతుంటే ఒక పాత సహోద్యోగి ఫోన్ తీసి చూపించి, "మీ టీమ్‌లో పిల్లలకి పంపు బాబాయ్, పనికొస్తుంది" అన్నాడు. పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ పేరు "పీహెచ్‌పీ డెవలపర్లకు 7 బంగారు సూత్రాలు". కింద "ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు, పది మందికి షేర్ చేయండి" అని ఉంటుంది. పీహెచ్‌పీలో వేరియబుల్ ముందు & పెడితే దాని విలువని కాకుండా ఆ వేరియబుల్‌నే పంచుకున్నట్టు, దీన్నే రిఫరెన్స్ అంటారు. మెసేజ్‌లో ఉన్నవి ఇవి. ఒకటి, అర్రేని (విలువల జాబితాని) ఫంక్షన్‌కి పంపేటప్పుడు ఎప్పుడూ & పెట్టాలి, లేకపోతే మొత్తం కాపీ అయి మెమరీ రెట్టింపు అవుతుంది. రెండు, ఆబ్జెక్టులకి కూడా & పెట్టాలి. మూడు, ఫోరీచ్‌లో (అర్రేలోని ఎలిమెంట్లని ఒక్కొక్కటిగా తిప్పే లూప్‌లో) & పెడితే లూప్ వేగంగా తిరుగుతుంది. నాలుగు, ఆబ్జెక్ట్ కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే ఫంక్షన్‌లో) అర్రేని & తో తీసుకుంటే ఆ ఆబ్జెక్ట్‌కి ఎప్పుడూ తాజా డేటా కనిపిస్తుంది, డేటాబేస్‌ని మళ్ళీ అడగక్కర్లేదు. ఐదు, డబుల్ కోట్స్ కంటే సింగిల్ కోట్స్ వేగం. ఆరు, ప్రింట్ కంటే ఎకో వేగం. ఏడు, జావాస్క్రిప్ట్‌లో కూడా ఇదే పద్ధతి, ఒకసారి నేర్చుకుంటే రెండిటికీ సరిపోతుంది.

ఐదు, ఆరు ముందే తీసేస్తాను. డేటాబేస్ టేబుల్‌కి ఇండెక్స్ లేక పేజీ నాలుగు సెకన్లు పడుతుంటే, కోట్స్ మార్చుకుంటూ ఒక సాయంత్రమంతా గడిపిన కుర్రాళ్ళని చూశాను. కంపైల్ చేసిన కోడ్‌ని దాచిపెట్టే ఓపీక్యాష్ ఆన్‌లో ఉంటే ఫైల్ ఒకసారి కంపైల్ అయి మెమరీలో ఉండిపోతుంది. మామూలు స్ట్రింగ్‌కి ఏ కోట్స్ పెట్టారన్న తేడా ఆ కంపైల్‌తోనే పోతుంది. ఎకో, ప్రింట్ సంగతి అంత కూడా మాట్లాడక్కర్లేదు.

ఒకటో పాయింట్‌కి వద్దాం. పీహెచ్‌పీలో అర్రేని ఫంక్షన్‌కి పంపినప్పుడు అందులోని ఎలిమెంట్లు ఏవీ కాపీ కావు. ఈ అర్రేని చూస్తున్నవాళ్ళు ఇంకొకరు పెరిగారని లోపల ఒక లెక్క పెరుగుతుంది, అంతే. ఎవరైనా దాన్ని మార్చబోయినప్పుడు మాత్రమే, అదీ ఆ లెక్క ఒకటి కంటే ఎక్కువ ఉంటేనే, కాపీ తయారవుతుంది. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. పరీక్షల ముందు ఒకే నోట్స్‌ని ఇద్దరు పక్కపక్కన కూర్చుని చదువుకుంటున్నంతసేపూ జిరాక్స్ అక్కర్లేదు. ఒకరు పెన్ను తీసి అందులో గీయబోతేనే జిరాక్స్ కావాలి.

నా మాట నమ్మక్కర్లేదు, ఐదు నిమిషాల పని. రేంజ్ ఫంక్షన్‌తో లక్ష అంకెల అర్రే చేయండి. దాన్ని & లేకుండా ఒక ఫంక్షన్‌కి పంపండి. పంపకముందు ఒకసారి, ఫంక్షన్ లోపల ఒకసారి మెమరీ ఎంత వాడుతోందో ప్రింట్ చేయండి. రెండు అంకెలూ దాదాపు ఒకటే వస్తాయి. ఇప్పుడు లోపల ఒక్క ఎలిమెంట్ మార్చి మూడోసారి ప్రింట్ చేయండి. అప్పుడు పెరుగుతుంది, పీహెచ్‌పీ 8.2 తర్వాతి వెర్షన్లలో అయితే సుమారు 2 ఎంబీ. ఆ మెసేజ్‌ని ఇన్నిసార్లు పంపినవాళ్ళలో ఒక్కరైనా ఈ పది లైన్లు రాసి చూశారా?

పాత వెర్షన్లలో ఈ సలహా పనికిరాకపోవడమే కాదు, ఎదురు తన్నేది. పీహెచ్‌పీ 5 కాలంలో & తో తీసుకున్న అర్రేని, & అడగని ఇంకో ఫంక్షన్‌కి ఇస్తే ఇంజిన్ దాన్ని పంచుకోలేకపోయేది. మొత్తం కాపీ చేసి ఇచ్చేది. కౌంట్ ఫంక్షన్ కూడా & అడగనిదే. అంటే పది వేల ఎలిమెంట్ల అర్రేని & తో తీసుకుని, లూప్ షరతులో ప్రతిసారీ కౌంట్ పిలిస్తే పది వేల ఎలిమెంట్లు పది వేలసార్లు కాపీ. పది కోట్ల ఎలిమెంట్ల పని! & తీసేస్తే అదే కోడ్ చిటికెలో అయిపోయేది. 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7 లోపలి నిర్మాణాన్ని మార్చి ఈ బాధ తప్పించింది. మెమరీ ఆదా పేరుతో అన్నేళ్ళు అన్ని కాపీలు చేయించిన సలహాని ఇప్పటికీ బంగారు సూత్రం అంటున్నారు.

రెండో పాయింట్‌లో ఒకప్పుడు నిజం ఉండేది, అది ఒప్పుకోవాలి. పీహెచ్‌పీ 4లో ఆబ్జెక్ట్‌ని ఇంకో వేరియబుల్‌లో పెడితే ఆబ్జెక్టే కాపీ అయ్యేది. అందుకే ఆ రోజుల్లో ప్రతిచోటా & పెట్టేవాళ్ళు, కొత్త ఆబ్జెక్ట్ చేసే న్యూ అనే పదం ముందు కూడా. పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు తెరిస్తే ఆ అలవాటు ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. 2004 జూలైలో పీహెచ్‌పీ 5 వచ్చాక వేరియబుల్‌లో ఉండేది ఆబ్జెక్ట్ కాదు, ఆబ్జెక్ట్‌ని పట్టుకునే ఒక హ్యాండిల్. దాన్ని మామూలుగా పంపినా లోపల చేసిన మార్పు బయట కనిపిస్తుంది. ఇక న్యూ ముందు & పెడితే పీహెచ్‌పీ 7 నుంచి ఫైల్ పార్స్ కూడా కాదు. ఫంక్షన్‌ని పిలిచే చోట & పెట్టడాన్ని 2012లో, 5.4 వెర్షన్‌లోనే తీసేశారు. మెసేజ్ రాసినవాళ్ళు సరిగ్గా ఆ పిలిచే చోట & పెట్టిన ఉదాహరణ ఇచ్చారు. అది నడవను కూడా నడవదు.

మూడోది ఫోరీచ్. & లేకుండా లూప్ తిప్పితే అర్రే కాపీ కాదు, ఒకటో పాయింట్‌లో చెప్పిన కారణమే. & పెట్టి తిప్పితే మాత్రం ప్రతి ఎలిమెంట్‌నీ ఒక రిఫరెన్స్ పెట్టెలో పెట్టాల్సి వస్తుంది, మెమరీ పెరుగుతుంది. కానీ అసలు ప్రమాదం మెమరీ కాదు. లూప్ అయిపోయాక కూడా ఆ లూప్ వేరియబుల్ చివరి ఎలిమెంట్‌ని వదలదు. ఆవకాయ, గోంగూర, టమాటా అని మూడు పేర్లున్న అర్రే తీసుకోండి. & తో ఒకసారి ఖాళీగా తిప్పండి. తర్వాత అదే వేరియబుల్ పేరుతో, ఈసారి & లేకుండా, రెండోసారి తిప్పండి. అర్రేని ప్రింట్ చేస్తే ఆవకాయ, గోంగూర, గోంగూర అని వస్తుంది. టమాటా పోయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. లూప్ అవగానే ఆ వేరియబుల్‌ని అన్‌సెట్ చేయమని పీహెచ్‌పీ మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు.

పచ్చళ్ళ పేర్లు ఊరికే చెప్పలేదు. నాలుగో పాయింట్‌కి ఆ కథే ఉంది. నన్ను ఇక్కడిదాకా తెచ్చింది ఆ పాయింటే.

మా టీమ్‌లో ఒక అబ్బాయి ఉన్నాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చాడు, బుద్ధిమంతుడు, చెప్పింది శ్రద్ధగా వింటాడు. ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి కొరియర్‌లో ఊళ్ళకి పంపే ఒకావిడకి మేము చిన్న ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాం. రోజూ సాయంత్రం ఆ రోజు ఆర్డర్లన్నిటికీ పార్సిల్ చీటీలు ప్రింట్ అవుతాయి. ఒక్కో చీటీ మీద ఎవరికి, ఏ పచ్చడి, ఎన్ని కిలోలు అని ఉంటుంది. ఆ అబ్బాయి ఆర్డర్ క్లాస్‌ని కొంచెం బాగుచేశాడు. దసరా ముందు ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "బాబూ, ముప్పై ఎనిమిది చీటీలు వచ్చాయి. పేర్లు వేరు వేరుగానే ఉన్నాయి. అన్నిటి మీదా అరకిలో గోంగూర, పావుకిలో కాకరకాయ కారం అనే ఉంది. నేను అప్పుడే పదకొండు డబ్బాలు ప్యాక్ చేయించేశాను."

ఆ రోజు చివరగా ఆర్డర్ చేసినవాళ్ళు అడిగింది ఆ గోంగూర, ఆ కాకరకాయ.

కోడ్ తెరిస్తే కన్‌స్ట్రక్టర్‌లో అర్రే పారామీటర్‌కి & ఉంది. లోపల ప్రాపర్టీలో (ఆబ్జెక్ట్ తన దగ్గర ఉంచుకునే వేరియబుల్‌లో) పెట్టేటప్పుడు కూడా & ఉంది. బయట లూప్‌లో ప్రతి ఆర్డర్‌కీ ఐటమ్స్ అనే ఒకే వేరియబుల్‌లో కొత్త జాబితా నింపి, దాంతో కొత్త ఆర్డర్ ఆబ్జెక్ట్ చేసి, అన్నీ ఒక అర్రేలో పేర్చుతున్నారు. & లేకపోతే ప్రతి ఆబ్జెక్ట్‌కీ దాని జాబితా దానికి ఉండేది. & ఉండడంతో ముప్పై ఎనిమిది ఆబ్జెక్టులూ బయటి ఐటమ్స్ వేరియబుల్‌నే పట్టుకున్నాయి. ఆ వేరియబుల్ మారిన ప్రతిసారీ అప్పటిదాకా చేసిన ఆర్డర్లన్నీ మారాయి. చివరికి అందరి దగ్గరా చివరి మనిషి జాబితా మిగిలింది.

ఎందుకు పెట్టావు నాన్నా అని అడిగితే, "అన్నా, గ్రూపులో వచ్చింది కదా, తాజా డేటా కనిపిస్తుందని పెట్టాను" అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు. ఇదే మెసేజ్. వాడిని నేను ఏమీ అనలేదు. నేర్చుకోవాలనే చదివాడు. చదివింది తప్పు, అంతే. పార్సిల్ చేసిన పదకొండు డబ్బాలూ విప్పి మళ్ళీ కట్టుకున్నది మాత్రం ఆవిడ.

ఇప్పుడు ఆ నాలుగో పాయింట్‌ని అక్షరం అక్షరం చూద్దాం. "కన్‌స్ట్రక్టర్‌లో & తో తీసుకుంటే చాలు" అని రాశారు. చాలదు. పారామీటర్‌కి & పెట్టి, ప్రాపర్టీలో పెట్టే లైన్‌లో & పెట్టకపోతే లింకు ఆ లైన్ దగ్గరే తెగిపోతుంది. ప్రాపర్టీకి విలువే అందుతుంది. బయట మార్చితే లోపల మారదు, లోపల మార్చితే బయట మారదు. అంటే మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు చేసినవాడికి వాళ్ళు చెప్పిన ఫలితం రాదు. వాడు ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుని రెండో & కూడా పెడతాడు. అప్పుడు పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క ఆర్డర్‌తో పరీక్షిస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. రెండో ఆర్డర్ వచ్చినప్పుడే తెలుస్తుంది. మా అబ్బాయి విషయంలో జరిగింది కూడా ఇదే.

అక్కడితో కూడా ఆగదు. ఆ ఆబ్జెక్ట్‌ని క్లోన్ చేసి, అంటే నకలు తీసి, వేరు చేద్దాం అనుకుంటే, క్లోన్‌లో కూడా ఆ ప్రాపర్టీ రిఫరెన్స్‌గానే ఉంటుంది. మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంది. క్లోన్‌లో ఐటమ్ మార్చితే అసలు ఆర్డర్ మారిపోతుంది. అర్రేలోని ఒక ఎలిమెంట్‌కి ఎక్కడో రిఫరెన్స్ బతికి ఉంటే, ఆ అర్రేని మామూలుగా ఇంకో వేరియబుల్‌లోకి కాపీ చేసినా ఆ ఒక్క గడి మాత్రం ఇద్దరికీ ఉమ్మడే. కాపీలో మార్చితే అసలులో మారుతుంది. ఇలాంటి బగ్‌ని వెతికే వాళ్ళకి టెన్షన్ ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. తప్పు ఒక ఫైల్‌లో ఉంటుంది, కనిపించేది ఇంకో ఫైల్‌లో.

ఇంకొకటి. టైపు రాయని & పారామీటర్ ఉన్న ఫంక్షన్‌కి, లేని కీ పేరు పొరపాటున రాసి పంపారనుకోండి. చిరునామా కీ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పింది. & లేకపోతే అలాంటి కీ లేదని పీహెచ్‌పీ వార్నింగ్ ఇస్తుంది. & ఉంటే ఏమీ అనదు. ఆ తప్పు పేరుతో ఒక కొత్త కీ సృష్టించి అందులో నల్ పెట్టి ఊరుకుంటుంది. మీ అర్రేలో మీరు పెట్టని గడి ఒకటి చేరుతుంది.

ఇక "డేటాబేస్‌ని మళ్ళీ అడగక్కర్లేదు" అన్న మాట. పీహెచ్‌పీ మామూలుగా నడిచే పద్ధతిలో ప్రతి రిక్వెస్ట్ సున్నా నుంచి మొదలై, పేజీ పంపగానే ఉన్న వేరియబుల్స్ అన్నీ పోతాయి. రిఫరెన్స్ కూడా దాంతోనే పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరు ఆర్డర్ మార్చితే, కూకట్‌పల్లిలో ఇంకొకరి బ్రౌజర్ కోసం నడుస్తున్న రిక్వెస్ట్‌కి ఆ మార్పు & ద్వారా ఎలా వస్తుంది? ఏ దారిన వస్తుంది? రాదు. డేటాబేస్‌లో మారింది తెలుసుకోవాలంటే డేటాబేస్‌నే అడగాలి. అడగడం భారం అనిపిస్తే రెడిస్ లాంటి క్యాష్ ఉంది. దాన్ని ఎప్పుడు చెరిపేయాలో ఆలోచించి పెట్టుకోవాలి. ఆ ఆలోచనకి బదులు ఒక & గుర్తు పెట్టమని కొత్తవాళ్ళకి చెప్పడం అన్యాయం.

నిజంగా ఒకే జాబితాని రెండు మూడు ఆబ్జెక్టులు పంచుకోవాలంటే ఏం చేయాలి? జాబితాకే ఒక క్లాస్ రాయండి. కార్ట్ అనో, ఐటమ్ లిస్ట్ అనో. లోపల అర్రే ప్రైవేట్‌గా ఉంటుంది, చేర్చడానికి ఒక మెథడ్, తీయడానికి ఒక మెథడ్. ఆ ఆబ్జెక్ట్‌ని ఎవరికి పంపినా హ్యాండిల్ వెళ్తుంది, అందరికీ ఒకటే జాబితా కనిపిస్తుంది. & ఒక్కటి కూడా అక్కర్లేదు. ఎవరు మార్చారో చూడాలంటే ఆ మెథడ్ దగ్గర ఒక లాగ్ లైన్ పెడితే చాలు. & తో పంచుకున్న అర్రేకి అలాంటి కాపలా చోటు ఎక్కడా లేదు. ఇక ఆర్డర్ ఒకసారి తయారయ్యాక మారకూడదనుకుంటే, పీహెచ్‌పీ 8.1 నుంచి ప్రాపర్టీని రీడ్‌ఓన్లీ (ఒకసారి పెట్టాక మార్చలేనిది) చేయండి. రీడ్‌ఓన్లీ ప్రాపర్టీకి రిఫరెన్స్ పట్టుకోవడం కుదరదు. మేము ఆ పచ్చళ్ళ ఆర్డర్ క్లాస్‌లో చేసింది ఇదే.

అయితే ఒక విషయం నేను కూడా ఒప్పుకుని తీరాలి, లేకపోతే నేను చెప్పింది సగమే అవుతుంది. & తో మెమరీ, సమయం నిజంగా మిగిలే సందర్భం ఒకటుంది. పెద్ద అర్రేని ఫంక్షన్‌కి పంపి, లోపల మార్చి, తిరిగి ఇచ్చి, అదే వేరియబుల్‌లో పెట్టుకునే కోడ్. మార్చే క్షణంలో బయటి వేరియబుల్ ఇంకా పాత అర్రేని పట్టుకునే ఉంటుంది, కాబట్టి కాపీ తప్పదు. దీన్ని లూప్‌లో వేలసార్లు చేస్తే ప్రతిసారీ మొత్తం కాపీ. అక్కడ & తో తీసుకుని ఉన్నచోటే మార్చితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సార్ట్ ఫంక్షన్ కూడా & తోనే తీసుకుంటుంది, ఉన్న అర్రేనే సర్దుతుంది. ఇంకొకటి, తల్లి ఐడీలున్న కేటగిరీల జాబితాని ఒకే చుట్టులో చెట్టుగా అల్లాలంటే రిఫరెన్స్‌తో రాసిన కోడ్ అంత చిన్నగా ఇంకోలా రాదు. నేనే చాలా ప్రాజెక్టుల్లో అలా రాశాను, ఇప్పటికీ రాస్తాను. కాబట్టి & చెడ్డది అనడం లేదు. "చదవడానికి పంపినా ఎప్పుడూ పెట్టు" అనడమే తప్పు.

ఏడోది మిగిలింది. జావాస్క్రిప్ట్‌లో ఇదే పద్ధతి అట. సరిగ్గా తిరగేసి చెప్పారు. జావాస్క్రిప్ట్‌లో అర్రే ఒక ఆబ్జెక్టే. ఫంక్షన్‌కి పంపి లోపల పుష్ చేస్తే బయట కనిపిస్తుంది, ఏ గుర్తూ పెట్టక్కర్లేదు. పెట్టడానికి అలాంటి గుర్తు కూడా లేదు. కానీ లోపల ఆ పారామీటర్‌కి కొత్త అర్రే ఇస్తే బయటిది మారదు. పీహెచ్‌పీలో రెండూ దీనికి భిన్నం. & లేకపోతే పుష్ చేసినా బయట కనిపించదు, & ఉంటే కొత్త అర్రే ఇచ్చినా బయటిది మారిపోతుంది. జావా నేర్చుకుని వచ్చినవాళ్ళకి కూడా ఇక్కడే తడబాటు, ఎందుకంటే జావా అర్రేలు కూడా ఆబ్జెక్టులే. జావాస్క్రిప్ట్‌లో విడి కాపీ కావాలంటే మూడు చుక్కల స్ప్రెడ్ పైపొరనే కాపీ చేస్తుంది, లోపలి ఆబ్జెక్టులు ఉమ్మడిగానే ఉంటాయి. పూర్తిగా విడదీయాలంటే స్ట్రక్చర్డ్ క్లోన్ అనే ఫంక్షన్ ఉంది. రెండు భాషలూ రోజూ రాసే మనిషికి ఈ తేడా తెలియకపోతే ఇవాళ కాకపోతే రేపు దెబ్బ తగులుతుంది. రెండూ ఒకటే అని చెప్పినవాళ్ళు ఆ దెబ్బకి కారణం అవుతారు.

ఆ మెసేజ్ నాకు పంపిన అందరికీ ఇది విడివిడిగా పంపుతున్నాను. ముందే ఒకరితో ఫోన్‌లో మాట్లాడితే, "సరేలే, ఆ నాలుగోది తీసేసి పంపుతాను" అన్నారు. నాలుగోది తీసినా ఒకటి, రెండు, మూడు, ఏడు ఉన్నాయి అన్నాను. మొత్తం డిలీట్ చేయండి.